గొట్టంలో నీళ్లు

“నిజం చెప్పు రాగ్నా. రాత్రి నా ముఖాన నీళ్లు పోసింది నువ్వేనా?”

రాగ్నా చేతిలో కాఫీ చెంచా అలాగే ఆగిపోయింది. ముప్పై ఆరేళ్ల కాపురంలో ఓడ్వార్ ఆమెను పిసినారి అన్నాడు, మొండిఘటం అన్నాడు, ఒకసారి కోపంలో అచ్చం మీ అమ్మ పోలికే అని కూడా అనేశాడు. నిద్రపోతున్న మనిషి ముఖాన నీళ్లు పోసే రకం అని మాత్రం ఏనాడూ అనలేదు.

“నాకింకేం పని లేదనుకున్నావా?” అంది.

“మరి ఈ తడి ఎక్కడిది?”

చేతిలోని మాస్కును బ్రౌన్ చీజ్ పక్కన ధబ్బున పడేశాడు. దానికి తగిలించిన పొడవాటి గొట్టం బల్ల మీంచి కిందికి వేలాడింది. మాస్కులోంచి రెండు చుక్కలు రొట్టె మీద పడ్డాయి.

“ఇది మూడోసారి. సముద్రంలో మునిగిపోతున్నట్టు ఉలిక్కిపడి లేచాను. ముక్కు నిండా నీళ్లు! పక్కకి చూస్తే నువ్వు కళ్లు మూసుకుని పడుకున్నావు.”

“రాత్రి రెండింటికి కళ్లు మూసుకోక మరేం చేస్తారయ్యా?”

“మరీ గట్టిగా మూసుకున్నావు. నిద్రపోయే వాళ్లు అలా మూసుకోరు.”

రాగ్నాకు నవ్వొచ్చింది. మొదటిసారి ఈ మాట విన్నప్పుడు నవ్వింది కూడా. ఇప్పుడు అతని ముఖం చూస్తే నవ్వబుద్ధి కాలేదు. ఆరడుగుల మనిషి, ఎర్రబడ్డ కళ్లతో, ముక్కు మీద మాస్కు నొక్కిన గుర్తుతో, దొంగను పట్టుకున్న వాడిలా చూస్తున్నాడు.

“ఎంతసేపు పెట్టుకున్నావు?” అని అడిగింది.

“గంటా నలభై.”

“అంతేనా!”

“నీళ్లు పోస్తుంటే అంతే మరి.”

నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్కులోకి గాలి తోసే ఆ మెషీన్, ఎన్ని గంటలు పెట్టుకున్నాడో రోజూ పొద్దున లెక్క చూపిస్తుంది. అదే లెక్క దానంతటదే ఆస్పత్రికి పోతుంది. నిద్రలో ఓడ్వార్‌కు గంటకు ముప్పై ఎనిమిదిసార్లు ఊపిరి ఆగుతోందని పరీక్షలో తేలింది. సోర్విక్ రేవు నుంచి హేల్లాన్ రేవుకు కార్లను దాటించే ఫెర్రీకి అతనే కెప్టెన్. ఓడల వాళ్లను పరీక్షించే డాక్టరు ఖండితంగా చెప్పేశాడు. మెషీన్ పెట్టుకుని సరిగ్గా నిద్రపోతున్నట్టు ఆస్పత్రి రాసిస్తేనే సర్టిఫికెట్ మీద సంతకం పెడతానన్నాడు. ఆరు వారాల సెలవులో ఇంక పది రోజులే మిగిలాయి. వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారం పొద్దున ఆరుంబావుకి అతని ట్రిప్పు. సర్టిఫికెట్ రాకపోతే ఆ ట్రిప్పు లేదు, ఆ తర్వాత ఏ ట్రిప్పూ లేదు.

ఫెర్రీ లేని ఓడ్వార్‌ను ఊహించుకుంటే రాగ్నాకు భయం వేస్తుంది. ఆమె తండ్రి ఉద్యోగం మానిన ఏడాది కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, వచ్చేపోయే పడవల్ని తిడుతూ కూర్చుని, రెండో ఏడు దాటకుండానే పోయాడు.

“పోయిన వారం ఏమన్నావు నువ్వు?” ఓడ్వార్ వదల్లేదు. “వాక్యూమ్ క్లీనర్‌తో సంసారం చేస్తున్నట్టుంది అన్నావా లేదా?”

“అన్నాను. అంటే మాత్రం, నీ నోట్లో నీళ్లు పోస్తానా? నాకు నీ మీద అనుమానం లేదనుకుంటున్నావా? నువ్వే పీకి పారేసి, నా మీదికి తోస్తున్నావేమో!”

ఆ మాటకు అతను చటుక్కున తల తిప్పుకున్నాడు. రాగ్నా అది చూసింది. అంతలో అతని ఫోన్ మోగింది. పేరు చూసుకుని, చెప్పులతోనే మంచులోకి దిగి, పడవల షెడ్డు వైపు వెళ్లిపోయాడు. ఫోన్ చేసింది షేటిల్. ఫెర్రీలో ఓడ్వార్ కింద పనిచేస్తాడు, ఈ ఆరు వారాలూ అతని స్థానంలో కెప్టెన్‌గా ఉన్నాడు. ఈ వారంలో ఇది మూడో ఫోన్. ఇంట్లో మాట్లాడకూడని మాటలు షేటిల్‌తో ఏముంటాయి? రాగ్నా షెడ్డు తలుపు వైపు చూస్తూ కాఫీ అంతా చల్లార్చుకుంది.

ఆస్పత్రికి ఫోన్ చేస్తే నర్సు మారిట్ ఎత్తింది.

“మాస్కులో నీళ్లా? పడకగదిలో చలి ఎంత?”

“మామూలే.”

“మామూలంటే?”

“అందరిళ్లలోలాగే. హీటర్ ఆపేసి, కిటికీ ఓరగా తెరిచి పడుకుంటాం.”

“బయట ఎంతుందమ్మా?”

“మైనస్ తొమ్మిది.”

మారిట్ గట్టిగా నిట్టూర్చింది. “పొద్దున్నుంచి ఈ మాట చెప్పింది మీరు నాలుగోవారు. మెషీన్‌లోంచి వచ్చేది వెచ్చటి తడిగాలి. గొట్టమేమో కిటికీ కింద గడ్డకట్టుకుపోయి ఉంటుంది. ఆ గాలి దాంట్లోకి రాగానే నీరైపోతుంది. ఆ నీళ్లు తిన్నగా ఆయన ముక్కులోకి. కిటికీ మూసేయండి, సరిపోతుంది.”

“కిటికీ మూసుకుని పడుకోవడమా! ఊపిరాడొద్దూ?”

“ఊపిరికే కదండీ మెషీన్ ఇచ్చింది!” మారిట్ నవ్వింది. మళ్లీ గొంతు మార్చి అంది. “ఒక మాట రాగ్నా. వరసగా ఐదు రాత్రులు నాలుగు గంటలు దాటితే చాలు, అలవాటు పడ్డాడని డాక్టరుకు నేను రాసిస్తాను. అంతకంటే తక్కువైతే నావల్ల కాదు.”

నాలుగింటికి చేప, బంగాళాదుంపలు తిని, ఓడ్వార్ ఎప్పటిలాగే కాసేపు నడుం వాల్చాడు. మాస్కు పెట్టుకునే పడుకున్నాడు. రాగ్నా మునివేళ్ల మీద వెళ్లి మంచం పక్కన దీపం వేసింది. గొట్టం నిండా చెమట పట్టినట్టు నీటి బొట్లు. వాటిని దగ్గరగా చూద్దామని గొట్టం పైకెత్తింది. ఎత్తీ ఎత్తగానే ఆ బొట్లన్నీ ఒక్కటై గుడగుడమంటూ మాస్కులోకి జారాయి.

ఓడ్వార్ కెవ్వున లేచి కూర్చున్నాడు. మాస్కు పీకేసి, ముక్కు తుడుచుకుని, భార్య చేతిలో ఉన్న గొట్టం చూశాడు.

“దొరికావు!”

“నా మాట విను.”

“ఇంకేం వినాలి? గొట్టం నీ చేతిలోనే ఉంది!”

“ఒరే మహానుభావా, నోర్మూసుకుని ఇటు చూడు!” అని అరిచింది రాగ్నా. గొట్టాన్ని దీపం దగ్గర పెట్టి, బొట్లు చూపించి, మారిట్ చెప్పిందంతా అప్పజెప్పింది. లేచి కిటికీ మూయబోయింది.

“ముయ్యకు,” అన్నాడు ఓడ్వార్. “నన్ను మా అమ్మ మంచులో, బయట తొట్టి బండిలో పడుకోబెట్టి పెంచింది. కిటికీ మూస్తే నేను పడుకోను.”

నువ్వు చేశావన్నందుకు పొరపాటైందనలేదు. పోనీ, విషయం తేలినందుకు సంతోషించనూ లేదు. నీళ్లు ఎక్కడివో తెలిసిపోవడమే అతనికి కష్టంగా ఉన్నట్టు రాగ్నాకు తోచింది. ఆ తోచడం ఆమెకే నచ్చలేదు.

మొండివాడితో వాదించే ఓపిక లేక ఊలు బుట్ట ముందేసుకుంది. అతని స్వెటర్ అల్లగా మిగిలిన బూడిద రంగు ఊలుతో గొట్టానికి తొడుగు మొదలుపెట్టింది. మూడున్నర మూరల తొడుగు శనివారం మధ్యాహ్నానికి పూర్తయింది.

“గొట్టానికి స్వెటరా?” అన్నాడు ఓడ్వార్.

“నీకు చలి వెయ్యకపోతే పోయె, దానికి వేస్తోంది.”

శనివారం రాత్రి ఆరు గంటల ఇరవై నిమిషాలు. ఆదివారం ఐదూ యాభై. సోమవారం ఏడు దాటింది! మంగళవారం ఆరూ నలభై. గురకా లేదు, మధ్యలో ఊపిరి ఆగి, ఇక పోయాడేమో అని ఆమె లేచి కూర్చోవడమూ లేదు. పదేళ్ల తర్వాత రాగ్నా కూడా కంటినిండా నిద్రపోయింది. నాలుగు రాత్రులు గడిచాయి, ఇక ఒక్కటి మిగిలింది.

కానీ ఓడ్వార్ తీరు ఆమెకు మింగుడు పడలేదు. నిద్ర చాలిన మనిషి హుషారుగా ఉండాలి కదా. ఇతనేమో రోజురోజుకీ మాట తగ్గించేశాడు. ఫెర్రీ ఎదుటి ఫ్యోర్డ్‌ను, ఆ సన్నటి సముద్రపు పాయను, దాటుతున్నప్పుడల్లా కిటికీ దగ్గరికి వెళ్లి, అది అవతలి రేవు చేరేదాకా కదలకుండా నిలబడేవాడు. బుధవారం భోజనాల దగ్గర ఉన్నట్టుండి అడిగాడు.

“పోయిన వేసవిలో మీ చెల్లెలింటికి వెళ్లినప్పుడు బండి నడిపింది ఎవరు?”

“నువ్వే. ఏం, గుర్తులేదా?”

“ఉంది, ఉంది,” అని ప్లేటులోకి చూస్తూ ఉండిపోయాడు. గుర్తులేదని రాగ్నాకు స్పష్టంగా తెలిసిపోయింది.

గురువారం పొద్దున మెషీన్ యాభై నిమిషాలు చూపించింది.

రాగ్నా గొట్టం వైపు చూసింది. గొట్టం ఒట్టిగా ఉంది. కిటికీ బార్లా తెరిచి ఉంది, కిటికీ గట్టు మీద మంచు పేరుకుంది. గదంతా వెతికితే ఊలు తొడుగు అతని సాక్సుల సొరుగులో, అడుగున కనిపించింది. చక్కగా నాలుగు మడతలు పెట్టి ఉంది. నిద్రమత్తులో లాగేసిన వాడు మడత పెట్టడు. లోపల దాచనూ దాచడు.

ఓడ్వార్ షెడ్డులో ఫోన్ మాట్లాడుతున్నాడు. షేటిల్‌తోనే అయ్యుంటుంది. ఆమెకు ఒక్కసారిగా అంతా అర్థమైపోయినట్టనిపించింది. ఆ షేటిల్ గాడే ఏదో నూరిపోస్తున్నాడు! నలభై ఏళ్లొచ్చాయి, ఇంకా రెండో వాడిగానే ఉన్నాడు. కెప్టెన్ కుర్చీ రుచి మరిగాడు. ముసలాణ్ణి మాటలతో కుంగదీసి ఇంట్లో కూర్చోబెడదామని చూస్తున్నాడు.

అనుకున్నదే తడవుగా మారిట్‌కు ఫోన్ చేసింది. జీవితంలో పన్నుల వాళ్ల దగ్గర కూడా అబద్ధమాడని మనిషి, తడబడకుండా చెప్పింది.

“నిన్న రాత్రి మా ఊళ్లో కరెంటు పోయిందండీ. అందుకే మెషీన్ ఆగిపోయింది.”

“అయ్యో, నేనూ ఇప్పుడే చూసి ఏమైందా అనుకున్నాను. అయితే నిన్నటిది వదిలేద్దాం. నాలుగు రాత్రులూ ఎంత బాగున్నాయో! ఇప్పుడే రాసి డాక్టరుకు పంపిస్తాను.”

రాగ్నా ఫోన్ పెట్టేసింది. తప్పు చేసినట్టు అనిపించలేదు. కోటు వేసుకుని, కారు తీసి, తిన్నగా సోర్విక్ రేవుకు పోయి, కారుతో సహా ఫెర్రీ ఎక్కింది.

ఫెర్రీ హేల్లాన్ రేవులో ఇరవై నిమిషాలు ఆగుతుంది. వెన్న, చక్కెర పూసి మడిచిన స్వేలె అట్టు ఒకటి కొనుక్కుని ఫెర్రీ క్యాంటీన్‌లో కూర్చుంది. తినలేదు. మిగతా కార్లన్నీ దిగాక షేటిల్ మెట్లు దిగి వచ్చాడు.

“రాగ్నా! నువ్వేంటి ఇక్కడ?”

“కూర్చో. నా మొగుడి చెవిలో ఏం ఊదుతున్నావు నువ్వు?”

“నేనా?”

“నీకు ఆ కుర్చీ కావాలంటే సూటిగా అడుగు. చాటుగా ఫోన్లు దేనికి? నీకు తాడు ముడి వెయ్యడం నేర్పినవాడయ్యా ఆయన!”

షేటిల్ ముఖం ఎర్రబడింది. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. దగ్గర్నుంచి చూస్తే అతనూ నిద్ర లేని మనిషిలాగే ఉన్నాడు.

“నాకు కుర్చీ వద్దు. ఆయన్ని నేనడిగేది ఒకటే మాట. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా అని.”

“ఏం చెప్పాలి?”

అతను ఆమె వైపు చూసి గతుక్కుమన్నాడు. “నీకు తెలీదా? డిసెంబరులో లూసియా పండగ రోజు సంగతి నీతో చెప్పనేలేదా?”

“నువ్వు చెప్పు.”

“నేను చెప్పను రాగ్నా. ముందు ఆయన నోటితో రావాలి. వెళ్లి అడుగు. సోమవారం లోపల అడుగు.” టోపీ తీసుకుని, ఆమె పిలుస్తున్నా వినిపించుకోకుండా మెట్లెక్కిపోయాడు.

తిరుగు ప్రయాణంలో రాగ్నా కారు దిగలేదు. స్టీరింగ్ పట్టుకునే కూర్చుంది. ఆడదా, అప్పా, తాగుడా అని వరసగా అనుమానించింది. వాటిల్లో ఏదైనా పర్లేదనిపించింది, షేటిల్ ముఖంలో చూసిందాని ముందు.

ఇంటికి రాగానే ఊలు తొడుగు తెచ్చి ఓడ్వార్ ముందు పడేసింది.

“ఇది సొరుగులోకి నడిచెళ్లిందా?”

ఓడ్వార్ దాన్ని తీసుకుని మళ్లీ నాలుగు మడతలు పెట్టాడు.

“షేటిల్ దగ్గర్నుంచే వస్తున్నా. లూసియా రోజు ఏం జరిగింది?”

అతను బల్ల మీది గీతల్ని వేలితో రాస్తూ కూర్చున్నాడు. రాగ్నా కూర్చోలేదు, కోటూ విప్పలేదు.

“తొమ్మిదీ నలభై ట్రిప్పు,” అన్నాడు చివరికి. “ముప్పై రెండు కార్లు. ఒక బస్సు, దాన్నిండా తెల్లగౌన్ల పిల్లలు, హేల్లాన్‌లో వృద్ధాశ్రమంలో పాడటానికి వెళ్తున్నారు. సోర్విక్‌లో గేటు మూయడం గుర్తుంది నాకు. ఆ తర్వాత గుర్తున్నది నా మణికట్టు మీద షేటిల్ చెయ్యి. ఎదురుగా రేవు గోడ. ఇదిగో, ఈ గుమ్మం నుంచి ఆ కంచె ఉన్నంత దూరం. వాడు ఇంజిన్ వెనక్కి తిప్పాడు కాబట్టి ఆగింది.”

“నిద్రపోయావా?”

“నిలబడే ఉన్నాను. కళ్లు తెరిచే ఉన్నాయట. లోపల నేను లేను.”

రాగ్నా కుర్చీ పట్టుకుంది. “ఎవరికీ చెప్పలేదా?”

“గోడకు గీత పడలేదు. నేనే వాణ్ణి బతిమాలాను, రాయొద్దని. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలున్నవాడు. ఇప్పుడు బయటపడితే దాచినందుకు వాడి ఉద్యోగమూ పోతుంది.”

“అందుకేనా నేను డాక్టరు దగ్గరికి రమ్మంటే మారుమాట్లాడకుండా వచ్చావు! నేనేదో సాధించాననుకున్నా. సరే, జబ్బు తెలిసింది, మెషీన్ వచ్చింది. నాలుగు రాత్రులు పసిపిల్లాడిలా పడుకున్నావు. ఇంక భయమేంటి? తీసి దాచడం దేనికి?”

“ఆ నాలుగు రాత్రుల వల్లే!” ఓడ్వార్ మొదటిసారి గొంతెత్తాడు. “నీకర్థం కావట్లేదు. నాలుగు రోజులుగా నా తల తేటగా ఉంది. తేటపడ్డాక వెనక్కి చూసుకుంటే ఏమీ లేదు రాగ్నా. మీ చెల్లెలింటికి బండి నడిపింది గుర్తులేదు. పోయిన చలికాలం ఒక్క ట్రిప్పూ గుర్తులేదు. రోజుకు పదహారు ట్రిప్పులు. ఎన్నిసార్లు అలా నిలబడి దాటించానో, ఎంతమందిని దాటించానో! ఆ చక్రం మళ్లీ పట్టుకోవాలంటే నాకు చేతులు రావట్లేదు.”

“అయితే మానేస్తానని చెప్పెయ్యి.”

“ఎందుకు మానేస్తున్నావని అడుగుతారు. ఏం చెప్పను? నిజం చెప్తే షేటిల్ పోతాడు. అబద్ధం నాకు చేతకాదు. మెషీన్ పడలేదని డాక్టరే ఆపేస్తే, పాపం ఓడ్వార్ అనుకుని ఊరుకుంటారు. మొదట్లో ఆ నీళ్లు నువ్వు పోస్తున్నావనే అనుకున్నా, నిజంగా. తర్వాత నీళ్లే నయమనిపించింది.”

రాగ్నా కుర్చీ లాక్కుని కూర్చుంది. పొద్దున తను చేసింది అప్పుడు గుర్తొచ్చింది. నోరు తెరవబోయింది. ఇంతలో బల్ల మీద అతని ఫోన్ టింగుమంది.

ఓడ్వార్ కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. మళ్లీ చదివాడు.

“సర్టిఫికెట్ ఇచ్చేశారు. రెండేళ్లకి.” అద్దాల పైనుంచి భార్యను చూశాడు. ఆ చూపులో కోపం లేదు, నమ్మకం కూడా లేదు. “రాత్రి యాభై నిమిషాలే పెట్టుకున్నాను. ఎలా ఇచ్చారు?”

“నేనే చెప్పాను. కరెంటు పోయిందని.”

అతను ఫోన్‌ను బల్ల మీద బోర్లించాడు. సోర్విక్ నుంచి మధ్యాహ్నపు ఫెర్రీ బయల్దేరిన కూత వినిపించింది. ఓడ్వార్ కిటికీ దగ్గరికి వెళ్లలేదు.

“వెనక్కి తీసుకో,” అన్నాడు.

“తీసుకుంటే ఎందుకు పీకేశాడని అడుగుతారు. నన్నే అడుగుతారు.”

“తెలుసు.”

“నేను ఇంకో అబద్ధం ఆడను ఓడ్వార్. ఒకటి ఆడితేనే ఇంతైంది. పిల్లలతో నిండిన బస్సంటున్నావు!”

ఆమె తన ఫోన్ తీసింది. రెండుసార్లు మోగగానే మారిట్ ఎత్తింది. వెనక ఎవరో నవ్వుతున్నారు, కప్పుల చప్పుడవుతోంది.

“రాగ్నా! చేరిందా సర్టిఫికెట్? కెప్టెన్ గారికి శుభాకాంక్షలు చెప్పండి!”

“మారిట్, రాత్రి మా ఊళ్లో కరెంటు పోలేదు.”

అవతల నవ్వులు ఇంకా వినిపిస్తూనే ఉన్నాయి. మారిట్ తలుపు వేసుకున్నట్టుంది, చప్పుడంతా ఆగిపోయింది.

“అయితే ఆయన మాస్కు ఎందుకు తీసేశారు?” అని నెమ్మదిగా అడిగింది.

రాగ్నా ఫోన్‌ను బల్ల మీదుగా భర్త ముందుకు జరిపింది. చెప్పు అన్నట్టు తల ఊపింది. ఓడ్వార్ దాన్ని చూస్తూ కూర్చున్నాడు. మారిట్ రెండుసార్లు హలో అంది. అతని చెయ్యి ఒళ్లోంచి పైకి రాలేదు.